గంప కింద పిల్లి

మా మనవరాలి పిల్లి మెడకి ప్లాస్టిక్ గరాటా తగిలించుకుని వారం నుంచి ఇల్లంతా గోడలకి గుద్దుకుంటూ తిరుగుతోంది. పక్క ఫ్లాటు పిల్లితో బాల్కనీ గ్రిల్ దగ్గర తగువు పెట్టుకుని కంట్లో గోరు గీయించుకుంది. డాక్టరమ్మ ఏదో రంగు చుక్క వేసి, దీపం పెట్టి, గీత ఎక్కడుందో మాకు చూపించింది. గీరుకోకుండా ఆ గరాటా తగిలించి, మానడానికి చుక్కల మందు రాసింది. చుక్కల వేళకి మనవరాలి ఫోన్ మోగుతుంది. అది మోగగానే పిల్లిని పట్టుకోమని మనవరాలు నన్ను పిలుస్తుంది.

"నానమ్మా, పకడో ఇస్కో. హిల్ రహీ హై."

"కదలక ఏటి సేత్తాది? నీ కంట్లో ఏత్తే నువ్వు కదలవేటి?" అంటాను.

నేను తెలుగులో అడుగుతాను, అది హిందీలో జవాబు చెబుతుంది, పిల్లి మా ఇద్దరి మాటా వినదు. పాత తువ్వాలులో చుట్టి ఒళ్ళో పెట్టుకుంటే మాత్రం కాసేపటికి లొంగుతుంది. నిన్న మధ్యాహ్నం అలాగే కూర్చున్నాను. కిటికీ అవతల ఆదిత్యపూర్ ఎండ తెల్లగా కాస్తోంది. చుక్క వేసి మనవరాలు లేచిపోయింది, పిల్లి నిద్రపోయింది, దాని ఒంటి వేడికి నాకూ మాగన్నుగా పట్టింది. ఆ మగతలో ఎక్కడినుంచో బొగ్గుల పొయ్యి వాసన వచ్చింది. ఈ ఫ్లాట్లలో బొగ్గుల పొయ్యి ఎవరికుంది గనక. ఆ వాసన నా చిన్నప్పటిది.

బారిడీహ్‌లో మాదొక చిన్న క్వార్టరు, నాన్న పనిచేసే ఉక్కు కార్ఖానా వాళ్ళిచ్చింది. ముందు గది, వెనక గది, వంటిల్లు, వెనకాల దొడ్డి. తెల్లారేసరికి ప్రతి గుమ్మం ముందూ ఒక బొగ్గుల పొయ్యి రాజుకునేది. చలికాలంలో ఆ పొగ పైకి పోయేది కాదు. నడుం ఎత్తున వీధంతా పరుచుకుని ఉండిపోయేది. అందులో మనుషులు నడుం నుంచి పైకే కనబడేవారు. సైకిళ్ళకి చక్రాలు ఉండేవి కావు, గంటలు మాత్రం వినబడేవి. సాయంకాలం కార్ఖానా వైపు ఆకాశం ఉన్నట్టుండి నారింజ రంగుకి తిరిగేది. కొలిమిలో ఇనుము కరిగించాక మిగిలిన ఎర్రటి చిట్టెం గుమ్మరిస్తున్నారని నాన్న చెప్పేవాడు. మేం పిల్లలం అరచేతులు చాచి, రంగు అంటిందో లేదో చూసుకునేవాళ్ళం. అంటేది కూడా. చేతులు ముడుచుకుని ఆ రంగు ఇంట్లోకి పట్టుకెళ్ళాలని చూసేదాన్ని, గుమ్మం దాటేసరికి పోయేది.

మా పిల్లి ఆ పొగలోంచే వచ్చింది. ఒక పొద్దున్న నాన్న డ్యూటీ దిగి వస్తూ అన్నం డబ్బా సంచిలో వేసుకుని తెచ్చాడు. బూడిదరంగు ఒళ్ళు, పొట్ట కింద తెలుపు. అమ్మ చూసి, "డబ్బాలో అన్నం మిగలకుండా తెమ్మంటే పిల్లిని తెచ్చేరా?" అంది. అంది గానీ పాలచుక్క పోసింది.

మా దేశం నుంచి ఎవరు రైలు దిగినా ఒక మెత్తళ్ళ మూట తెచ్చేవారు. దేశం అంటే మాకు శ్రీకాకుళం వైపు ఊళ్ళు. వేలెడంత ఎండుచేపలు, బొగ్గులమీద అమ్మ వేయిస్తే వీధి మొత్తానికి మా ఇంట్లో కూరేమిటో తెలిసిపోయేది. డబ్బాలోంచి తలకాయలు తుంపి పిల్లికి పెట్టడం నా పని. పులుసులో అన్నీ మొండేలే తేలుతుంటే, "తలకాయల్లేని సేపలు ఏ సముద్రంలో దొరుకుతాయే?" అని నానమ్మ నన్ను చూసి కన్ను గీటేది. నానమ్మ, అంటే మా నాన్న తల్లి, మాతోనే ఉండేది.

పిల్లి ప్రాణం మాత్రం నాన్నే. అంత పొగలో, అన్ని సైకిళ్ళలో, నాన్న గంట ఏదో దానికి తెలిసేది. ఆయన మలుపు తిరిగేసరికి గోడమీద ఉండేది. మెట్టుమీద కూర్చుని బూట్లు విప్పుకుంటుంటే భుజమెక్కి చెవులు వాసన చూసేది.

"దీని పేమంతా ఒచ్చేటప్పుడే," అనేవాడు నాన్న. "ఎళ్ళేటప్పుడు మొహం సూపించదు. ఎక్కడ తొంగుంటాదో. దొంగముండ."

నవ్వుతూనే అనేవాడు, కానీ ఆయనకి ఆ వెలితి ఉండేది. బయల్దేరేముందు నిజంగానే మంచం కింద వంగి చూసేవాడు.

అది పడుకునేది కాదు. దొడ్లో గంప కింద ఉండేది. ఆ సంగతి ఇంట్లో నాన్నకి తప్ప అందరికీ తెలుసు.

దాని కథ ఇది. పిల్లి వచ్చిన కొత్తలో ఒకరోజు నాన్న డ్యూటీకి వెళ్తుంటే అది సైకిలు ముందునుంచి అడ్డంగా పరిగెత్తింది. ఆ రోజే, దారిలో, ఆయన కంట్లో నలుసు పడింది. నలుసంటే నలుసే. కన్ను ఎర్రబడింది, చుక్కల మందు ఇచ్చారు, తగ్గిపోయింది. మా అమ్మ మాత్రం గోరంతని కొండంత చేసుకుంది. "నిప్పుల కొలిమి కాడ పని. దారిలో నలుసయ్యింది కాబట్టి సరిపోనాది. అక్కడికెళ్ళేక ఏటైనా అయితే?" అంది. మా వీధిలో అందరిదీ అదే భయం. మగవాళ్ళు డ్యూటీకి బయల్దేరే వేళకి ఆ వీధిలో ఎవరూ తుమ్మరు, ఎవరూ వెనకనుంచి పిలవరు, ఖాళీ బిందెతో ఎదురు రారు. తుమ్ము వస్తే ముక్కు పట్టుకుని వంటింట్లోకి పరిగెత్తే ఆడవాళ్ళని చూశాను.

అమ్మ జుగ్సలాయి బజారుకెళ్ళి ఒక వెదురు కోళ్ళ గంప కొనుక్కొచ్చింది. మాకు కోళ్ళు లేవు. "ఎందుకే?" అని నాన్న అడిగితే, "ఒడియాలు ఎండెడితే కాకులు రాకుండా మూతకి," అంది. ఆ రోజునుంచి నాన్న బూట్లు తొడుక్కునే వేళకి పిల్లి గంప కిందకి, గంప మీదకి ఒక రాయి. "మీ నాన్నకి సెప్పేవంటే నాలిక కోసేత్తాను," అని నాతో చెప్పింది. నాలిక మీద నాకు ప్రీతి ఎక్కువ. చెప్పలేదు.

సరిగ్గా అదే వేళకి నానమ్మ కూడా దొడ్లోకి వెళ్ళేది. ఆవిణ్ణి ఎవరూ పొమ్మనలేదు. తాతయ్య నేను పుట్టకముందే పోయాడు. నాన్న ముందు గదిలో బూటు చేతిలోకి తీసుకోగానే, ఆవిడ చెంబు పట్టుకుని వెనక తలుపులోంచి వెళ్ళి, ఇంటికి వీపు పెట్టి, గంప పక్కన గొంతుక్కూర్చునేది. లోపల పిల్లి అరుస్తుంటే చిన్న గొంతుతో మాట్లాడేది. "ఊరుకోయే. ఎళ్ళిపోతన్నాడు. ఎళ్ళేక మనం లోపలికెల్దుం." గంట చప్పుడు మలుపు తిరిగాక రాయి తీసి గంప ఎత్తేది. పిల్లీ నానమ్మా ఇద్దరూ కలిసి లోపలికి వచ్చేవారు. పిల్లికి తోడుగా కూర్చుంటోందని నేను అనుకునేదాన్ని. నానమ్మకి దానిమీద ఎంత ప్రేమో అని కూడా అనుకునేదాన్ని.

ఒక పొద్దున్న నాన్నది 'ఎ' షిఫ్టు, తెల్లారుతూనే వెళ్ళి మధ్యాహ్నానికి తిరిగొచ్చే డ్యూటీ. సైకిలు గేటు దాకా వెళ్ళాక గొలుసు ఊడింది. వంగి గొలుసు ఎక్కించాడు, పనిలో పనిగా గంట కూడా బిగించి, మోగుతోందో లేదో అని టింగుటింగుమని కొట్టి చూశాడు. ఆ గంట పిల్లికి వినబడింది. నాన్న వచ్చాడనుకుంది కాబోలు, గంప లోపల వెర్రెత్తినట్టు ఎగిరింది. గంపకి ఒకచోట బద్ద విరిగి ఉంది. అందులోంచి తల దూర్చింది. రాయి దొర్లిపోయింది. నానమ్మ రెండు చేతులతో గంపని నేలకేసి నొక్కి పట్టుకుంది. కొడుకు ఇంకా గేటు దగ్గరే ఉన్నాడు మరి. "ఊరుకోయే, తల్లీ, ఊరుకో," అంటూనే ఉంది. లోపల్నుంచి చిన్నగా ఒక కూత వచ్చింది, తరవాత చప్పుడు లేదు. గంట మలుపు తిరిగాక నానమ్మ గంప ఎత్తింది. పిల్లి ఒక కన్ను మూసుకుని పరిగెత్తి బొగ్గుల బస్తాల వెనక దూరిపోయింది.

అది ఆ రోజంతా వెలుతురులోకి రాలేదు. మూసుకున్న కంట్లోంచి నీళ్ళు కారి చెంప బొచ్చు తడిసి అతుక్కుపోయింది. మాటిమాటికీ పంజాతో రుద్దుకునేది. నేను బడి మానేసి బస్తాల పక్కన బోర్లా పడుకుని మెత్తళ్ళు చూపించాను. అవీ ముట్టలేదు.

నానమ్మకి కళ్ళజబ్బంటే ఒకటే మందు, నందివర్ధనం పువ్వు. ఎండాకాలం మా కళ్ళు మండితే పువ్వుల్ని నీళ్ళలో వేసి, వెనక గదిలో మమ్మల్ని చాపమీద పడుకోబెట్టి, మూసిన రెప్పలమీద పెట్టేది. ఆ చల్లదనం నాకిప్పటికీ రెప్పలమీద ఉంది. తడిపూల వాసన, గోడ అవతల ఎవరో ఇస్త్రీ పెట్టె ఊపుతున్న చప్పుడు, నానమ్మ విసనకర్ర గాలి ఒకసారి వచ్చి ఒకసారి రాకపోవడం. పడుకుని ఎక్కడికో తేలిపోయేదాన్ని. లేచేసరికి పువ్వులు చెవుల దగ్గర వాడిపోయి ఉండేవి. పిల్లికి కూడా అలాగే పువ్వు పెట్టబోయింది. అది తల విదిలిస్తే పువ్వు వెళ్ళి పప్పుగిన్నెలో పడింది.

అమ్మ దేవుడి గూట్లోంచి నాన్న కంటికి ఇచ్చిన పాత చుక్కల మందు తీసింది. మూత తిప్పుతుండగానే నాన్న వచ్చాడు. పిల్లి గోడమీద లేకపోయేసరికి ఆయనే వెతుక్కుంటూ దొడ్లోకి వచ్చేశాడు. టార్చి వేసి చూశాడు. నల్లగుడ్డు మీద నీలంగా పొగ కమ్మినట్టుంది.

"ఏటయ్యింది?"

"ఏ పిల్లితోనో కొట్టుకున్నట్టుంది," అంది అమ్మ, మొహం పక్కకి తిప్పుకుని.

నాన్న ఆ సీసా తీసుకుని జేబులో వేసుకున్నాడు. "మనిసి మందు పిల్లికి ఎయ్యొచ్చో నేదో. రేపు పసువులాసుపత్రికి తీసుకెల్తాను, డాక్టర్నే అడుగుదాం."

అన్నం తినేటప్పుడు నానమ్మ నెమ్మదిగా అంది, "కన్ను పోతే మాత్రం ఒద్దురా. ఒంటికంటి పిల్లి ఇంట్లో ఉండకూడదు. ఖర్కాయి దాటించి నదవతల ఒగ్గేయండి." అలా అన్న మనిషే తన కంచంలోని చేపముక్క పక్కకి తీసి, నీళ్ళలో నానబెట్టి, బస్తాల వెనక పెట్టి వచ్చింది. నేను ఏడుస్తూ పడుకున్నాను. ఆ కన్ను ఉంటేనే మా పిల్లి మా ఇంట్లో ఉంటుంది, అంతవరకు నాకు అర్థమైంది.

మర్నాడు పిల్లిని రేషను సంచిలో పెట్టి, తల మాత్రం బయటికి ఉంచి, నా ఒళ్ళో పెట్టారు. నేను సైకిలు వెనక కూర్చున్నాను. ఆస్పత్రి డాక్టరు పెద్దాయన. ఆయన దగ్గరికి వచ్చేవన్నీ ఆవులూ గేదెలూ. పిల్లిని చూసి కాస్త ఆశ్చర్యపడ్డాడు గానీ చేతులు మెత్తగా పెట్టాడు. హిందీలో నాన్నతో మాట్లాడుతూ, కన్ను నీళ్ళతో కడిగి, రెప్ప ఎత్తి చూశాడు. నాన్న జేబులోంచి సీసా తీసి చూపిస్తే తల అడ్డంగా ఊపాడు. గాయం ఉన్న కంట్లో ఈ మందు పడితే పుండు ఇంకా లోతుకి పోతుందట. ఇంకెప్పుడూ అడక్కుండా వెయ్యొద్దని చెప్పి వేరే చుక్కలిచ్చాడు. రుద్దుకోనివ్వకండి, వెలుతురు తగలనివ్వకండి, మళ్ళీ తీసుకురండి, మసక పెరిగితే కన్ను తీసెయ్యాల్సిందే అన్నాడు.

తరవాత రెప్ప మూలనుంచి వెంట్రుకంత పీచు ఒకటి తీసి దూదిమీద పెట్టాడు. "పిల్లుల కొట్లాట కాదిది. వెదురు. ఎక్కడ గుచ్చుకుంది?"

నాన్న నా వైపు చూశాడు. నా నాలిక సంగతి మరిచిపోయాను. డ్యూటీకి వెళ్ళేటప్పుడు ఎదురు రాకూడదని అమ్మ గంప కింద పెడుతుందని చెప్పేశాను.

తిరిగి వచ్చేటప్పుడు నాన్న సైకిలు ఎక్కలేదు. నన్నూ సంచినీ కూర్చోబెట్టి నడిపించుకుంటూ వచ్చాడు. చాలా దూరం వచ్చాక అడిగాడు.

"రోజూనా?"

"రోజూ. నువ్వు మంచం కింద ఎతికేటప్పుడు అది దొడ్లో ఉంటాది. నానమ్మ పక్కనే కూకుంటాది. నువ్వెళ్ళిపోయేక ఇద్దరూ లోపలికొత్తారు."

నాన్న ఆగిపోయాడు.

"ఇద్దరూనా?" అన్నాడు.

ఇద్దరూ అన్నాను. ఆయన అలా రోడ్డు పక్కన సైకిలు పట్టుకుని నిలబడిపోయాడు. మెడలో గంఛా తువ్వాలు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. మళ్ళీ నలుసు పడిందేమో అనుకుని భయపడ్డాను.

ఇంట్లో పెద్ద గొడవ అవుతుందనుకున్నాను. ఏమీ కాలేదు. నాన్న చుక్కల సీసా అమ్మ చేతిలో పెట్టి, "నాను డ్యూటీలో ఉంటాను, మన గుంట బడికెల్తాది. నువ్వే ఎయ్యాలి," అన్నాడు. అంతే. అమ్మ ఆ మొహం చూసి అన్నీ తెలిసిపోయాయని గ్రహించింది. ఆ సాయంకాలం గంపని కాలితో తొక్కి విరిచి పొయ్యిలో పెట్టింది. వెదురు చిటపటమంటూ కాలింది.

ఆ తరవాత రోజులు నాకు కలలోవాటిలాగే గుర్తున్నాయి. వెనక గది కిటికీకి అమ్మ తన ఆకుపచ్చ చీర అడ్డం కట్టింది. గదంతా చెరువు అడుగున ఉన్నట్టు పచ్చగా ఉండేది. అందులో అమ్మ గోడకి ఆనుకుని కూర్చుని, పిల్లిని పసిపిల్లలా పాతచీరలో చుట్టి, మొహం మాత్రం బయటపెట్టి, బొటనవేలితో రెప్ప విడదీసి చుక్క వేసేది. అది గీరితే మణికట్టు మీద ఎర్రగా గీతలు పడేవి. "నీ దుంప తెగ, కదలకే," అని తిట్టేది, తిడుతూనే ఏడ్చేది. "పాపిష్టిదాన్ని. నా సేత్తోనే నీ కన్ను పొడిసేను," అనేది. వేశాక ఒళ్ళోంచి దింపేది కాదు. అంతకుముందు దాన్ని ముట్టుకుంటే చీర దులుపుకునే మనిషి, దాని గురక వింటూ కూర్చుని నిద్రపోయేది. వంటింట్లో అన్నం మాడు వాసన వచ్చినా లేచేది కాదు.

నాన్న డ్యూటీకి వెళ్తున్నప్పుడు ఇప్పుడు దొడ్లో గంప లేదు. నానమ్మ మాత్రం చెంబు పట్టుకుని వెళ్ళి అదే చోట కూర్చునేది. నాన్న బూట్లు తొడుక్కుంటూ వెనక తలుపు వైపు చూసేవాడు.

రెండోసారి తీసుకెళ్ళినప్పుడు డాక్టరు చాలాసేపు చూశాడు. కన్ను దక్కింది. గాయమున్న చోట చిన్న తెల్లమచ్చ ఉండిపోతుందన్నాడు. ఇంటికి రాగానే నానమ్మ దాని గడ్డం పట్టుకుని చూసి, "పువ్వేసింది. పరవాలేదు, సూపుంది," అంది. నదవతల మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. నేను డబ్బాలో మెత్తళ్ళ తలకాయలన్నీ తుంపేశాను, ఎవరూ తిట్టలేదు.

ఆ మర్నాడే నాన్నకి మళ్ళీ 'ఎ' షిఫ్టు. పొగ పరుచుకుని ఉంది. నాన్న బూట్లు తొడుక్కుని సైకిలు గేటు దగ్గరికి తెచ్చాడు. అమ్మ పిల్లిని చంకనేసుకుని గుమ్మంలో నిలబడింది. కొంతసేపు అలాగే నిలబడి, వంగి దాన్ని మెట్టుమీద దింపింది. అది ఒళ్ళు విరుచుకుని, మెట్లు దిగి, తోక నిటారుగా లేపి, సైకిలు ముందు చక్రానికి అడ్డంగా నడిచి వెళ్ళింది. గోడ ఆ చివరిదాకా వెళ్ళి వెనక్కి వచ్చి నాన్న బూటుకి మొహం రాసుకుంది. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

నాన్న కదల్లేదు. సైకిలుకి స్టాండు వేశాడు.

"అమ్మా," అని పిలిచాడు. "ఇలా రా."

దొడ్లోంచి నానమ్మ గొంతు వచ్చింది. "నాను రాను నాయినా. పనికెల్తన్నావు. ఎల్లు."

"నువ్వొచ్చేదాకా ఎల్లను."

కార్ఖానా సైరన్ కూసింది. నాన్న అంతవరకు ఎప్పుడూ డ్యూటీకి ఆలస్యంగా వెళ్ళిన మనిషి కాదు. మెట్టుమీద కూర్చున్నాడు. వీధిలో సైకిళ్ళన్నీ వెళ్ళిపోయాయి. అమ్మ ఆయన్ని చూసింది, వెనక తలుపుని చూసింది. తరవాత దొడ్లోకి నడిచింది. నేనూ వెనకే వెళ్ళాను.

"రండి అత్తమ్మా."

"నీకు మతి పోనాదేటి? నా మొహం సూసి ఎళ్ళమంటావా నీ మొగుణ్ణి?"

"నాకూ బయ్యంగానే ఉంది," అంది అమ్మ. "అయినా రండి."

చెయ్యి పట్టుకుని లేపింది. నానమ్మ గుమ్మం దాకా వచ్చి, చెంగు మొహానికి కప్పుకుని నిలబడిపోయింది. నాన్న లేచాడు. "మొహం తియ్యమ్మా," అన్నాడు. ఆవిడ తియ్యలేదు. నాన్నే చెంగు పక్కకి తీసి, ఆ బొట్టులేని మొహాన్ని చూశాడు. కార్ఖానాలో చేరిన నాటినుంచీ డ్యూటీకి వెళ్తూ ఆయన ఆ మొహం చూడ్డం అదే మొదలు.

"ఎల్లొత్తానమ్మా," అన్నాడు.

ఆవిడ తల ఊపింది. నాన్న సైకిలు ఎక్కి పొగలోకి వెళ్ళిపోయాడు.

ఆ పూట మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. అమ్మ గుమ్మంలో కూర్చుంది. నానమ్మ గోడకేసి తిరిగి పడుకుంది. నాన్నకి ఆ రోజు ఏ చిన్న దెబ్బ తగిలి ఉన్నా ఆవిడ బతికేది కాదని నాకిప్పుడు తెలుస్తోంది. మధ్యాహ్నం పిల్లి చెవులు ముందు లేచాయి, తరవాత మాకు గంట వినబడింది. అమ్మ పరిగెత్తి వెళ్ళి ఆయన్ని తలనుంచి కాళ్ళదాకా చూసింది.

"ఏటలా సూత్తన్నావు? అన్నం ఎట్టు," అన్నాడు నాన్న.

"ఇంకా వండనేదు," అంది అమ్మ.

నానమ్మ లేచి, పొయ్యి అంటించి, ఆ రోజు తనే వండింది. నాన్న కంచంలో అన్నం కూడా తనే వడ్డించింది. అప్పటినుంచి రోజూ గుమ్మంలోకి వచ్చేది. ఆవిడ భయం పోయిందని చెప్పను. అమ్మదీ పోలేదు. అమ్మయితే నాన్న రిటైరయ్యేదాకా గంట వినబడే వరకు ముద్ద ముట్టేది కాదు. వీధిలో వాళ్ళతో మాత్రం, "ఆయన కంటికి రావలిసింది ఆ పిల్లి తీసుకుంది," అని చెప్పుకునేది. వెదురు బద్ద సంగతి ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు. నేనెప్పుడూ ఆ మాట కాదనలేదు.

వాళ్ళెవరూ ఇప్పుడు లేరు. ఆ క్వార్టర్లు పడగొట్టారు. బొగ్గుల పొగ పోయింది, సైకిళ్ళు పోయాయి.

మా ఆయన పోయిన ఏడు, కర్మలయ్యాక, మా అబ్బాయి మొదటిసారి డ్యూటీకి బయల్దేరాడు. వాడు హెల్మెట్ చేతిలోకి తీసుకున్న చప్పుడు వినబడగానే నా కాళ్ళు వాటంతటవే లోపలి గదిలోకి నడిచాయి. ఎవరూ పొమ్మనలేదు. తలుపు కూడా దగ్గరికి వేసేశాను. ఆ చీకట్లో నిలబడ్డాక, ఎక్కడ నిలబడ్డానో నాకు తెలిసింది. తలుపు తీసుకుని బయటికి వచ్చి గుమ్మంలో నిలబడ్డాను. లిఫ్ట్ దగ్గర వాడు వెనక్కి తిరిగి, ఏమైనా తేవాలా అన్నట్టు చూశాడు.

"క్యా హువా అమ్మా? కుఛ్ లానా హై?"

"ఏటీ నేదు," అన్నాను. "ఎళ్ళేటప్పుడు ఓసారి నా మొహం సూసి ఎల్లు."